ఆస్తి, వాటా, పన్ను: మనవారు తరచుగా అడిగే ప్రశ్నలు

(అల్లూరులో ముస్లిం కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ముందుగా ఒక మాట. మేము న్యాయవాదులం కాము. వేర్వేరు ప్రభుత్వ కార్యాలయాలలో గుమాస్తాలుగా పనిచేసి విశ్రాంతి పొందిన నలుగురైదుగురం. బల్లకు అవతల కూర్చొని ఏళ్ల తరబడి అర్జీలు పుచ్చుకున్నాము. ఇప్పుడు బల్లకు ఇవతల నిలబడి మనవారి అర్జీలు రాసిపెడుతున్నాము. అందువల్ల చట్టం ఏమంటున్నదో కొంత, కార్యాలయంలో ఏమి జరుగుతుందో మరికొంత చెప్పగలము. కోర్టుకు వెళ్లవలసిన వ్యవహారమైతే మంచి వకీలును చూసుకోవలసిందే.

మా దగ్గరకు వచ్చేవారు ఎక్కువగా అడిగేది ఆదాయపు పన్ను గురించి అనుకుంటారేమో, కాదు. "నాన్న పోయారు, ఆస్తి ఎట్లా పంచుకోవాలి?" అన్నదే మొదటి ప్రశ్న. ఈ ప్రశ్న సాధారణంగా కొడుకులే అడుగుతారు. కూతుళ్లు రారు. వచ్చినా గుమ్మం దగ్గర నిలబడి, "అన్నయ్యలకు తెలియకుండా ఒక మాట కనుక్కుందామని" అంటారు. ఈనాటి మా ప్రసంగంలో ఎక్కువ భాగం ఆ గుమ్మం దగ్గర నిలబడిన ఆడబిడ్డ కోసమే.

మనిషి కన్నుమూసిన వెంటనే పంపకానికి కూర్చోకూడదు. దహనమో ఖననమో ఏదైనా ఖర్చు ఖర్చే, అంత్యక్రియల ఖర్చు ముందు తీయాలి. తరువాత అప్పులు. ఆ తరువాత వసీయత్, అంటే వీలునామా ఉంటే అది, మిగిలిన దానిలో మూడో వంతుకు మించకుండా. ఆపైన మిగిలినదే వారసులది. ఇందులో అప్పులు అన్నచోట మనవారు బ్యాంకు బాకీ, షావుకారు బాకీ లెక్క వేస్తారు గాని, భార్యకు చెల్లించని మెహర్ కూడా అప్పేనన్న సంగతి మరచిపోతారు. అది వారసుల వాటాలకంటే ముందు తీర్చవలసిన బాకీ. విధవరాలికి రావలసిన ఎనిమిదో వంతు వేరు, మెహర్ వేరు. ఒకటి ఇచ్చి రెండవది ఇచ్చామనడం కుదరదు.

ఇక్కడ ఒక ఆచారాన్ని గురించి చెప్పక తప్పదు. జనాజా లేవబోయే ముందు ఇంటి ఆడవాళ్లు భార్యను పట్టుకొని "మెహర్ మాఫ్ చేశానని చెప్పమ్మా" అంటారు. ఏడుస్తున్న మనిషి ఏమంటుంది? తల ఊపుతుంది. దానిని తరువాత సాక్ష్యంగా చెబుతారు. మెహర్ వదులుకోవాలంటే స్వేచ్ఛగా, తెలివిడితో వదులుకోవాలి. భర్త శవం ముందు దుఃఖంలో ఉన్న స్త్రీ అన్న మాట ఆమెను కట్టిపడేయదని కలకత్తా హైకోర్టు 1920లోనే చెప్పింది. నూరేళ్లు దాటిపోయినా మన ఇళ్లలో ఆ తల ఊపించడం ఆగలేదు. పోయినవారి రుణభారం తగ్గించాలన్నదే కుటుంబం ఉద్దేశమైతే దానికి సూటి మార్గం ఉంది, ఆ మెహర్ చెల్లించడమే.

ఇక పంపకం. ఉదాహరణకు ఒక రైతు చనిపోయాడనుకుందాం. తల్లిదండ్రులు ముందే పోయారు. భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉన్నారు. నాలుగు ఎకరాల మాగాణి ఉంది. నాలుగు ఎకరాలంటే 400 సెంట్లు. భార్యకు ఎనిమిదో వంతు, 50 సెంట్లు. మిగిలినవి 350. కొడుకుకు రెండు పాళ్లు, కూతురికి ఒక పాలు చొప్పున అయిదు పాళ్లు చేస్తే పాలుకు 70 సెంట్లు. కొడుకులకు తలా 140, కూతురికి 70. ఇంతే లెక్క. చనిపోయినవాని తల్లి బతికి ఉంటే ఆమెకు ఆరో వంతు ముందు తీయాలి, తండ్రి ఉంటే ఆయనకూ అంతే. కొడుకు ఆస్తిలో తల్లికి వాటా ఉందని చెబితే ఆశ్చర్యపోయినవారిని చాలామందిని చూశాము. సూరా నిసా చదువుతాము గాని, 11, 12 ఆయతులను మన ఇంటి పాసుపుస్తకంతో కలిపి చదవము.

"సాయిబుగారూ, పొలంలో కూతురికి వాటా లేదట కదా, ఇల్లు, బంగారంలో మాత్రమే అట కదా" అని మరొక ప్రశ్న. ఈ మాట పూర్తిగా గాలిలో నుంచి పుట్టింది కాదు. 1937 నాటి షరియత్ అనువర్తన చట్టం చేసినప్పుడు వ్యవసాయ భూమిని అందులో నుంచి మినహాయించారు. అయితే అప్పట్లో మన నెల్లూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉండేది. మద్రాసు శాసనసభ 1949లో ఆ చట్టాన్ని సవరించి ఆ మినహాయింపును తీసివేసింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆ సవరణ మనతోపాటే వచ్చింది. కాబట్టి అల్లూరు చెరువు కింద మాగాణిలో అయినా, ఇసకపల్లి వైపు సముద్రం దగ్గరి మెట్టలో అయినా ఆడబిడ్డకు షరియత్ ప్రకారం వాటా ఉంది. ఉత్తరాదిలో కొన్ని రాష్ట్రాల ముస్లిం స్త్రీలకు ఇంత స్పష్టంగా దక్కని హక్కు మన ప్రాంతపు స్త్రీలకు డెబ్బై ఏళ్లకు పైగా కాగితం మీద ఉంది. కాగితం మీద మాత్రమే ఉంది.

ఎందుకంటే, తండ్రి పోయిన నలభై రోజులకు ఇంట్లో ఒక తెల్లకాగితం తయారవుతుంది. "మా అన్నదమ్ములకు నా వాటా ఇష్టపూర్వకంగా వదులుకున్నాను" అని దాని మీద చెల్లెళ్ల సంతకాలు. ఒక్క విషయం గుర్తుంచుకోండి. స్థిరాస్తిలో హక్కు వదులుకునే పత్రం రిజిస్టరు కావాలి. రిజిస్టరు కాని తెల్లకాగితంతో ఆడబిడ్డ హక్కు పోదు. దానిని పట్టుకొని పొలం తమ పేర మార్పించుకున్నా, రెవెన్యూ రికార్డులో పేరు మారడం వేరు, హక్కు మారడం వేరు. అడంగల్లో, 1బిలో పేరు ఉన్నంత మాత్రాన యజమాని అయిపోడని కోర్టులు ఎన్నోసార్లు చెప్పాయి. పదేళ్ల తరువాత ఆ పొలం అమ్మబోతే కొనేవాని వకీలు మొదట అడిగేది "అక్కచెల్లెళ్ల సంతకాలేవి?" అనే. అన్నదమ్ములు ఆనాడు దాచిపెట్టుకున్న సమస్య ఆ రోజున పిల్లలతో సహా బయటికి వస్తుంది.

"పెళ్లిలో అంత జహేజ్ ఇచ్చాము, అదే వాటా" అనేది మామూలు సమాధానం. జహేజ్ వాటా కాదు. అసలు కట్నం 1961 నుండి నేరం. ఆ చట్టం కట్నాన్ని నిర్వచిస్తూ మెహర్‌ను అందులో చేర్చలేదు, అంటే భార్యకు భర్త ఇవ్వవలసినదాన్ని చట్టం గౌరవించింది. పిల్ల తండ్రి అల్లుడికి ఇచ్చేదాన్ని నేరమన్నది. మనవారు ఈ రెండింటినీ తిరగేశారు. మెహర్ నికానామాలో అంకెగా మిగిలింది, కట్నం లక్షలుగా పోతున్నది. ఆ లక్షలు పోయింది అల్లుడి ఇంటికి. వాటా రావలసింది కూతురికి. ఈ రెండు పద్దులు ఒకే ఖాతాలో ఎట్లా రాస్తారు?

కొందరు ఇంకా తెలివిగా, తండ్రి బతికుండగానే "నాకు ఇక వాటా లేదు" అని కూతురిచేత రాయించుకుంటారు. తండ్రి బతికి ఉన్నంతకాలం పిల్లలకు ఆయన ఆస్తిలో ఏ హక్కూ లేదు. మనకు జన్మతః వచ్చే హక్కు, ఉమ్మడి కుటుంబ ఆస్తి అనేవి లేవు. లేని హక్కును వదులుకోవడం సాధారణంగా చెల్లదు. అయితే ఇక్కడ ఆడబిడ్డలు జాగ్రత్తగా వినాలి. సొమ్ము పుచ్చుకొని, ఇకపై వాటా అడగనని రాసిచ్చి, తండ్రిని ఆ నమ్మకంతో నడిపించినవారు తరువాత అడగడానికి వీలులేదని 1973లో సుప్రీంకోర్టు ఒక కేసులో తీర్పు చెప్పింది. కాబట్టి తండ్రి ముందు, అన్న ముందు మొహమాటపడి డబ్బు ముట్టినట్లు రాసిన కాగితం మీద సంతకం చేయకండి. ముట్టితే ముట్టినంత రాయండి, ముట్టకపోతే రాయకండి.

ఉత్తరాఖండ్‌లో 2025 జనవరి 27 నుండి ఉమ్మడి పౌరస్మృతి అమలులోకి వచ్చింది. రేపు ఇంకెక్కడ వస్తుందోనని మన సభలలో ఆందోళన వ్యక్తమవుతున్నది. సబబే. మా చట్టం మాకుండాలని అడగడం మన రాజ్యాంగ హక్కు. ఆ చట్టం మా ఇంటి ఆడవారికి పద్నాలుగు వందల ఏళ్ల క్రితమే వాటా ఇచ్చిందని వేదికల మీద గర్వంగా చెబుతాము. ఎదుటివాడు "మరి ఇచ్చారా?" అని అడిగితే చూపించడానికి మన సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాలలో ఎన్ని దస్తావేజులు ఉన్నాయి?

ఇక కష్టమైన ప్రశ్నకు వస్తాము. ముసలి తండ్రి ఉన్నాడు. ఇద్దరు కొడుకులలో ఒకడు ముప్పై అయిదేళ్లకే పోయాడు. అతని భార్య, ఇద్దరు పసిపిల్లలు తాతగారింట్లోనే ఉన్నారు. రేపు తాత పోతే? బతికి ఉన్న కొడుకు ఉన్నాడు కాబట్టి చనిపోయిన కొడుకు పిల్లలకు వారసత్వంలో వాటా రాదు. కోడలికి అసలే రాదు. ఈ మాట చెప్పినప్పుడల్లా ఆ తల్లి ముఖం చూడలేకపోతాము. ఇతర ముస్లిం దేశాలు దీనికి దారులు వెతికాయి. ఈజిప్టు 1946లో ఇలాంటి మనవలకు తాత ఆస్తిలో తప్పనిసరి వసీయత్ ఉన్నట్లే భావించాలని చట్టం చేసింది. పాకిస్తాన్ 1961లో తండ్రి వాటా పిల్లలకు వచ్చేటట్లు చేసింది. మన దేశంలో అటువంటి చట్టం లేదు. కాని తాత చేతులు ఎవరూ కట్టివేయలేదు. మనవలు వారసులు కానందువల్లనే, ఆయన వారి పేర మూడో వంతు వరకు వసీయత్ రాయవచ్చు, మిగతా వారసుల అంగీకారం అక్కర్లేదు. లేదా బతికుండగానే హిబా చేయవచ్చు, దానికి మూడో వంతు హద్దు కూడా లేదు. చట్టం వదిలేసిన సందును తాతగారే పూడ్చాలి. "మా వాడు మంచివాడు, అన్న పిల్లల్ని చూసుకుంటాడు" అని ఊరుకోకండి. వాడు మంచివాడే కావచ్చు, వాడి కొడుకులు ఎట్లాంటివారో మీకు తెలియదు.

హిబా అంటే బహుమానం. ఇస్తున్నానని చెప్పడం, పుచ్చుకున్నానని అవతలివారు ఒప్పుకోవడం, స్వాధీనం చేయడం, ఈ మూడూ జరిగితే హిబా పూర్తవుతుంది. ఇతరులకైతే స్థిరాస్తి దానం రిజిస్టరు దస్తావేజు లేనిదే చెల్లదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 129వ సెక్షన్ ముస్లింలను ఆ నిబంధన నుంచి మినహాయించింది. దీని మీద మన రాష్ట్రం నుంచే ఒక వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. విశాఖపట్నంలో ఒక తండ్రి 1968లో తన కొడుకులలో ఒకనికి మామూలు కాగితం మీద హిబా రాసి ఇచ్చాడు. ఆ ఏడాదే పోయాడు. మిగతావారు భాగం అడిగారు. రాతలో పెట్టారు గనుక రిజిస్టరు చేసి తీరాలన్నది హైకోర్టు. సుప్రీంకోర్టు 2011 మే నెలలో ఆ తీర్పును తోసిపుచ్చింది. మూడు షరతులూ నెరవేరినప్పుడు నోటిమాటైనా, రాతైనా ఒకటేనని, రాసినంత మాత్రాన రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదని చెప్పింది. హఫీజా బీబీ కేసు అంటే వకీళ్లందరికీ తెలుసు.

ఈ తీర్పు విన్నవారు "అయితే రిజిస్ట్రేషన్ ఖర్చు ఎందుకు?" అంటారు. లెక్క వేయండి. 1968లో రాసిన కాగితం చెల్లుతుందని తేలడానికి 2011 వచ్చింది. నలభై మూడేళ్లు. నోటి హిబాను కోర్టు ఒప్పుకుంటుంది, నిజమే. తహశీల్దారు కార్యాలయంలో గుమాస్తా ఒప్పుకోడు. అతడు చెడ్డవాడు కాదు, మేమూ ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లమే. పట్టాదారు పాసుపుస్తకంలో పేరు మార్చాలంటే ఏదో ఒక ఆధారం ఫైలులో పెట్టాలి. "మా నాన్న నలుగురి ఎదుట ఇచ్చాడు" అన్నది ఫైలులో పెట్టడానికి రాదు. రేపు ఒక అన్న ఆక్షేపణ అర్జీ ఇస్తే ఆ ఫైలు కదలదు. బ్యాంకు అప్పు ఇవ్వదు. అందువల్ల మా సలహా, చట్టం అక్కర్లేదన్నా రిజిస్టరు చేయించండి. రుసుము ఎంతో ప్రభుత్వం మారుస్తూ ఉంటుంది కాబట్టి ఆ రోజున సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలోనే కనుక్కోండి, దళారిని అడగకండి.

రిజిస్టరు చేసినా స్వాధీనం సంగతి మరవకండి. హిబా రాసి ఇచ్చిన తండ్రి కౌలు తానే వసూలు చేసుకుంటూ, శిస్తు రసీదు తన పేరనే ఉంచుకుంటే ఆ హిబా మీద రేపు తగాదా వస్తుంది. ఇకనుంచి కౌలు నా కూతురికే చెల్లించమని కౌలుదారుకు చెప్పాలి, వీలైతే రాసివ్వాలి. భార్యాభర్తలు కాపురముంటున్న ఇంటిని భార్యకు హిబా చేస్తే భర్త ఇల్లు వదిలి పోనక్కర్లేదు. పసిపిల్లలకు తండ్రి చేసే హిబాలోనూ వేరే స్వాధీనం అడగరు. "నేను పోయాక నీది" అని రాస్తే అది హిబా కాదు, వసీయత్ అవుతుంది. అప్పుడు మూడో వంతు హద్దు వస్తుంది, వారసునికైతే మిగతావారి ఒప్పుదల కావాలి. నెల్లూరు ఆసుపత్రిలో మంచం మీద వేలిముద్ర వేయించిన కాగితాలు కూడా మా దగ్గరకు వస్తుంటాయి. మరణంతో ముగిసిన ఆ జబ్బులో చేసిన హిబాకు కూడా వసీయత్ హద్దులే వర్తిస్తాయి. ఒంట్లో బాగున్నప్పుడే చేయవలసిన పని ఇది.

ఇప్పుడు కువైట్, ఖతర్, సౌదీలలో ఉన్న మన పిల్లల సంగతి. వారు అక్కడ సంపాదించిన జీతం మీద, వారు ఇక్కడ ప్రవాసులుగా లెక్కకు వచ్చినంతకాలం, మన దేశంలో పన్ను లేదు. అమ్మానాన్నలకు, భార్యకు, అక్కచెల్లెళ్లకు పంపినా పుచ్చుకున్నవారికి పన్ను లేదు. ఎంత పంపినా సరే. అయితే పన్ను చట్టం 'బంధువు' అన్న మాటకు తన అర్థం తాను పెట్టుకుంది. బాబాయి అన్న కొడుక్కి పంపితే పన్ను లేదు. అదే అన్న కొడుకు బాబాయికి పంపితే ఆయనకు పన్ను పడవచ్చు! చిన్నాన్న కొడుకు, మేనత్త కొడుకు మనకు సొంత అన్నదమ్ములకంటే ఎక్కువే, చట్టానికి మాత్రం బంధువులు కారు. అటువంటివారి నుంచి ఏడాదిలో మొత్తం 50,000 రూపాయలు దాటి ఉచితంగా వస్తే, దాటినంతే కాదు, మొత్తమంతా ఆదాయంలో కలుస్తుంది. పెళ్లికి వధూవరులకు వచ్చే కానుకలకు, వారసత్వంగా వచ్చేదానికి ఈ బాధ లేదు. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం పోయి 2026 ఏప్రిల్ 1 నుండి 2025 చట్టం వచ్చింది. సెక్షన్ల అంకెలు మారాయి గాని ఈ సంగతులు మారలేదు.

గల్ఫ్ డబ్బుతో ఇక్కడ భూమి కొనేటప్పుడే అసలు ప్రమాదం. ఎండలో కష్టపడి పంపిన డబ్బుతో అన్న పేర స్థలం కొంటారు. వచ్చాక రాయించుకుందామని. బేనామీ చట్టాన్ని 2016లో కఠినం చేశారు. భార్య పేర, పిల్లల పేర లెక్కకు దొరికే డబ్బుతో కొంటే ఫరవాలేదు. అన్నదమ్ముల పేర కొంటే, డబ్బు పెట్టినవాని పేరు కూడా ఉమ్మడిగా దస్తావేజులో ఉంటేనే మినహాయింపు. అన్న ఒక్కడి పేరే ఉంటే అది బేనామీ కింద పడే ప్రమాదముంది. ఆస్తిని ప్రభుత్వం స్వాధీనం చేసుకోవచ్చు, ఏడాది నుంచి ఏడేళ్ల దాకా జైలు ఉంది. అంతకంటే చేదు మాట, "డబ్బు నాది, భూమి నాది" అని దావా వేయడానికి కూడా ఆ చట్టం ఒప్పుకోదు. పదిహేనేళ్లు ఎడారిలో గడిపి వచ్చినవాడు అన్న దయ మీద బతకాలి. భార్య పేర కొన్నారనుకోండి, బేనామీ బాధ లేదు గాని, ఆ ఇంటి అద్దె పన్ను లెక్కలో భర్త ఆదాయంలో కలుపుతారు.

రెండవది, ప్రవాసులు మన దేశంలో ఇల్లు, ఇళ్ల స్థలం కొనవచ్చు. వ్యవసాయ భూమి కొనకూడదు. విదేశీ మారక ద్రవ్య నియమాలు ఒప్పుకోవు. వారసత్వంగా మాత్రం పుచ్చుకోవచ్చు. ఇంకొక మెలిక ఉంది. వ్యవసాయ భూమిని దానంగా కూడా పుచ్చుకోకూడదు. అంటే మన షరియత్ ప్రకారం అన్ని విధాలా సరైన హిబా అయినా, ఖతర్‌లో ఉద్యోగం చేస్తున్న కొడుక్కి తండ్రి మాగాణి హిబా చేస్తే ఈ నియమం అడ్డు వస్తుంది. తండ్రి తరువాత వాటాగా వస్తే ఏ అడ్డూ లేదు. ఈ సంగతి దస్తావేజు రాసేవారిలో చాలామంది చెప్పరు. గల్ఫ్ వెళ్లినవారు ఇక్కడి మామూలు సేవింగ్స్ ఖాతాను అట్లాగే నడపకూడదని, ప్రవాస ఖాతాగా మార్పించాలని కూడా గుర్తు చేస్తున్నాము.

మనలో వడ్డీ పుచ్చుకోనివారు ఉన్నారు. బ్యాంకు వేసిన వడ్డీని లెక్క కట్టి, పుణ్యం ఆశించకుండా బీదలకు ఇచ్చేస్తారు. వారి నియమం గొప్పదే. కాని ఖాతాలో జమ అయిన వడ్డీ ఆదాయమే, ఇచ్చేసినా ఆదాయమే. పన్ను శాఖ కంప్యూటరులో అది మీ పాన్ నంబరు కింద కనిపిస్తూనే ఉంటుంది. జకాత్ కూడా అంతే, ఇచ్చినందువల్ల పన్ను తగ్గుతుందనుకోకండి.

ఖర్జె హసనా సంగతి ఇంకా ముఖ్యం. వడ్డీ లేకుండా ఒకరికొకరు అప్పు ఇచ్చుకోవడం మనలో ఇంకా మిగిలి ఉన్న మంచి. అయితే 20,000 రూపాయలు, అంతకు మించిన అప్పు నగదుగా పుచ్చుకోకూడదు. పుచ్చుకుంటే ఎంత పుచ్చుకున్నారో అంత జరిమానా వేయవచ్చు. తిరిగి చెల్లించేటప్పుడూ అదే నిబంధన. ఇద్దరికీ వ్యవసాయాదాయం తప్ప పన్ను పడే ఆదాయం లేకపోతే మినహాయింపు ఉంది. భూమి బయానా కూడా 20,000 దాటితే నగదు కుదరదు. చెక్కు ద్వారా, బ్యాంకు ద్వారా ఇవ్వండి. వ్యవహారం రాసుకొని, సాక్షులను పెట్టుకోమని మనకు చెప్పనే చెప్పారు కదా.

మన మండలంలో వరి పొలాలు రొయ్యల చెరువులైన సంగతి తెలిసిందే. వరి ఆదాయం మీద పన్ను లేదు. రొయ్యల ఆదాయం వ్యవసాయాదాయం కాదు. చెరువుకు కౌలుకిచ్చిన పొలం కౌలూ కాదు. రికార్డులో మాగాణి అని ఉంది కదా అంటే ఒప్పుకోరు. 2025-26 నుండి కొత్త పద్ధతిలో ఇక్కడ నివసించేవారికి 12 లక్షల దాకా మామూలు ఆదాయం మీద పన్ను కట్టే పని లేదు. అయినా ఆదాయం 4 లక్షలు దాటితే రిటర్ను వేయాలి. పన్ను లేదు, రిటర్నూ లేదు అనుకోవడం పొరపాటు. మరొక సంగతి, అల్లూరు నగర పంచాయతీ అయ్యాక ఊరి చుట్టుపట్ల పొలం అమ్మేవారు జాగ్రత్తగా ఉండాలి. పల్లెటూరి పొలం అమ్మితే లాభం మీద పన్ను లేదు. పదివేల నుంచి లక్ష లోపు జనాభా ఉన్న పట్టణ సంస్థ హద్దులలోనూ, దానికి రెండు కిలోమీటర్ల దూరంలోనూ ఉన్న పొలానికి ఆ మినహాయింపు వర్తించదు. అక్కచెల్లెళ్ల వాటాలు తేల్చి అమ్మితే లాభం అందరికీ పంచబడి పన్ను కూడా తగ్గవచ్చు. ఒక్కడి పేర మార్పించుకొని అమ్మితే మొత్తం భారం వానిదే. ధర్మం చెబితే వినని అన్నదమ్ములు ఈ లెక్క చెబితే వింటారేమో చూడండి.

నామినీ గురించి ఒక్క మాట. బ్యాంకు డిపాజిట్‌లో నామినీ అంటే డబ్బు అందుకునేవాడే గాని యజమాని కాదు. అందుకొని వారసులకు పంచాలి. 2025 నవంబరు 1 నుండి నలుగురిని నామినీలుగా రాయవచ్చు. నలుగురిని రాసినా వారసత్వం మారదు. కుటుంబ పింఛను మాత్రం వేరు, అది ఆస్తి కాదు, సర్వీసు నిబంధనలలో ఎవరికి రాసి ఉంటే వారిదే. విధవరాలి పింఛనులో కొడుకులు వాటా అడగడం చూశాము. ఇవ్వనక్కర్లేదు.

తలాక్ అయిన స్త్రీ భరణం గురించి ఒక చెల్లెలు చీటీ పంపింది. ఇద్దత్ మూడు నెలలతో సరి అని ఆమెకు ఎవరో చెప్పారట. సరి కాదు. తెలంగాణ నుంచి వెళ్లిన అబ్దుల్ సమద్ కేసులో 2024 జూలై 10న సుప్రీంకోర్టు, తలాక్ పొందిన ముస్లిం స్త్రీ కూడా అందరు స్త్రీలలాగే మేజిస్ట్రేటు దగ్గర భరణం అడగవచ్చని చెప్పింది. ఆ చెల్లెలు తన పేరు రాయలేదు. సభలో ఉంటే, లేచి నిలబడనక్కర్లేదు, తరువాత మా ఇంటి ఆడవారితో మాట్లాడితే చాలు.

ఆదివారం జొహర్ నమాజు తరువాత మేము ఇక్కడే ఉంటాము. వచ్చేవారు మరణ ధ్రువపత్రం, తహశీల్దారు ఇచ్చిన కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, ఈసీ, పాసుపుస్తకం, పాత దస్తావేజుల నకళ్లు, నికానామా తీసుకురండి. అసలు కాగితాలు ఇంట్లో పెట్టి రండి, ఎవరి చేతికీ ఇవ్వకండి, మా చేతికి కూడా. అన్నదమ్ములు వచ్చేటప్పుడు అక్కచెల్లెళ్లను వెంట తీసుకురావాలి. వారు లేకుండా పంపకం లెక్క మేము వేయము.